మందు పెట్టిన వదిన

మా వదిన పోయింది. జగిత్యాలలో బిడ్డ ఇంట్లో, పొద్దున చాయ తాగి గోడకు ఒరిగి కూర్చుంది. మళ్లీ లేవలేదు. ఫోన్ నాకు రాలేదు, నేను పనిచేసే ఆసామికి వచ్చింది. సిరిసిల్లలో మేం మరమగ్గాలను సాంచాలంటాం, వాటి యజమానిని ఆసామి అంటాం. కరెంటు పోతే తప్ప మా ఆసామి సాంచాలు ఆపడు. ఆ రోజు ఒక్కొక్కటే బంద్ చేసుకుంటూ నా దాకా వచ్చాడు. ఆఖరుది ఆగేసరికే నాకు సగం తెలిసింది.

"కాకా, మీ వదినె..." అని ఆగాడు.

"పోయిందా?"

"పోయిందట. మీ అన్న బిడ్డ ఫోన్ చేసింది. బస్టాండ్ దాక బండి మీద దింపుత, నడువు."

"చేతిలున్న కండె అయిపోనీ" అన్నాను. కండెలకు నూలు చుట్టడమే ఇప్పుడు నా పని. అయ్యేదాకా లేవలేదు. ఆమె కూడా అంతే. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే ఎవరొచ్చినా చేతిలోది ముగించాకే తల ఎత్తేది.

ఆమె గురించి రాయాలంటే నా జబ్బు గురించి రాయాలి. అది దాచిపెడితే ఆమె ఏం చేసిందో మీకు అర్థం కాదు. నాకు స్కిజోఫ్రీనియా ఉంది. వయసులో ఉండగా వచ్చింది, ఇప్పటికీ ఉంది. మందులు వేసుకుంటున్నాను, పని చేసుకుని తింటున్నాను. అయ్యో పాపం అనుకునేవాళ్లు అది పక్కన పెట్టి ముందుకు చదవండి. నాకు చదువు పెద్దగా రాదు, కాబట్టి ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

మొదట సాంచాల చప్పుడులో నా పేరు వినిపించింది. సాంచాల మధ్య నిలబడేవాళ్లకు ఆ చప్పుడులో ఏదో ఒకటి వినిపించడం మామూలే. కొందరికి పాట వినిపిస్తుంది. నాకు తిట్లు వినిపించేవి. ఒకరోజు కరెంటు పోయి వాడంతా నిశ్శబ్దమైంది. తిట్లు మాత్రం ఆగలేదు. అప్పుడు భయపడ్డాను. అన్నం మానేశాను. కిటికీలకు గుడ్డలు కట్టాను. మా అన్న మెత్తటి మనిషి, నా పక్కన కూర్చుని ఏడ్చేవాడు. వదిన ఏడవలేదు. ఆమె పుట్టిల్లు కోరుట్ల. అటువైపు ఎవరికో ఇలాంటిదే వచ్చి జగిత్యాలలో ఒక డాక్టర్ దగ్గర తగ్గిందని విని, నన్ను బస్సెక్కించి తీసుకెళ్లింది.

మందులు పనిచేశాయి. ఈ మాట ముందు చెప్పాలి. తిట్లు పూర్తిగా పోలేదు గానీ పక్క వాడకు జరిగినట్టు దూరమయ్యాయి. అన్నం తిన్నాను, నిద్రపోయాను. కానీ ఒళ్లు నాది కాకుండా పోయింది. నడిస్తే చేతులు ఊగేవి కావు. ముఖం చెక్కలా బిగుసుకుపోయింది, నవ్వు రాదు, ఏడుపు రాదు. నోట్లోంచి చొంగ కారేది. చేతులు వణికి, తెగిన పోగును అతకలేకపోయేవాణ్ని. నేతగాడికి అదేమిటో నేతగాళ్లకే తెలుసు. పోగు అతకలేనివాడు సాంచా దగ్గర నిలబడి ఏం చేస్తాడు?

సైడ్ ఎఫెక్టులు అని ఇప్పుడు అందరూ అంటున్నారు. అప్పుడు మా ఇంట్లో ఆ మాట ఎవరికీ తెలియదు. డాక్టర్ చెప్పే ఉంటాడు, మా చెవికి ఎక్కలేదు. మా వాడకు తెలిసిన మాట ఇంకొకటి ఉంది.

మా దగ్గర మందు అంటే రెండు. డాక్టర్ ఇచ్చేదీ మందే. గిట్టనివాళ్లు అన్నంలో కలిపి పెట్టి మనిషిని లొంగదీసేదీ, పాడు చేసేదీ మందే. మొదటిదాన్ని ఇస్తారు, రెండోదాన్ని పెడతారు. నన్ను చూసిన వాడ రెండో మాటే అన్నది. మరిదికి వదిన మందు పెట్టింది. ఇంట్లో వాటా అడగకుండా పిచ్చోణ్ని చేసింది. చూడండి, నోరు కూడా మూయలేకపోతున్నాడు.

ఆ మాట అందరికంటే ముందు మా అమ్మ నమ్మింది. మేం అమ్మను అవ్వ అంటాం. వెల్గటూర్ అవతల ఒక ఊళ్లో మందు కక్కించే మనిషి ఉన్నాడని ఎవరో చెబితే, వదినకు తెలియకుండా నన్ను తీసుకెళ్లింది. ఆయన ఏదో ఆకు పసరు తాగించాడు. పేగులు నోటికొచ్చేదాకా కక్కాను. అందులోంచి ఒక నల్లటి ముద్ద తీసి చూపించి, "గిదే తల్లీ, నీ కోడలు పెట్టిన మందు" అన్నాడు. ఆ ముద్ద నా కడుపులోంచి వచ్చిందో ఆయన చేతిలోంచి వచ్చిందో నాకు తెలియదు. నేను నమ్మాను. నమ్మించేవాళ్లు నా తలలోనే ఉన్నారు కదా.

ఇంటికొచ్చి డాక్టర్ గోలీలు మానేశాను. అప్పుడు ఏమైందో వినండి. కొన్నాళ్లలో చొంగ ఆగింది. చేతులు నిలకడకొచ్చాయి. కాళ్లు తేలికయ్యాయి. వాడంతా చప్పట్లు కొట్టింది. "సూసిన్రా, మందు దిగింది!" నిజానికి దిగిందే, కాకపోతే డాక్టర్ మందు దిగింది. కళ్లెదుట మనిషి బాగుపడుతుంటే ఎవరు మాత్రం నమ్మరు?

వదినకు అప్పుడు మొదలైంది. బీడీ కార్ఖానాలో పక్కన కూర్చునే ఆడవాళ్లు జరిగి కూర్చున్నారు. ఆమె ముట్టిన కుండలో నీళ్లు ఎవరూ ముంచుకోలేదు. మా దగ్గర ఆడమనిషికి మందు పెట్టిందనే పేరొస్తే అది ఆమెతో పోదు, ఆమె బిడ్డలకూ అంటుతుంది. కోరుట్ల నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు.

"వాని గోస నీకెందుకక్కా? నడువు, మనింటికి పోదాం."

"ఇప్పుడు పోతే నిజంగనే పెట్టి పారిపోయింది అంటరు. నేను పోను."

"మరేం జేస్తవ్?"

"పెడ్త" అన్నది వదిన.

ఆయనకు అర్థం కాలేదు. తర్వాత నేను ఏ స్థితిలోకి పోయానో వివరంగా రాయను. తిట్లు మళ్లీ వచ్చాయి, ఈసారి గొంతులు ఎక్కువ. ఇల్లు వదిలి మానేరు ఒడ్డు వెంట చెప్పులు లేకుండా నడుస్తుంటే మా అన్న వెతికి పట్టుకొచ్చాడు. డాక్టర్ దగ్గరికి తోలుకెళ్లి మళ్లీ గోలీలు తెచ్చారు. నేను నోరు తెరవలేదు. పళ్లు బిగించి కూర్చున్నాను.

ఆ సాయంత్రం వదిన గడప మీద కూర్చుంది. బీడీల ఆడవాళ్లందరూ పని ముగించుకుని ఆ దారినే పోయే వేళ. ఒక చేతిలో గోలీల అట్ట, దాన్ని మేం ఆకు అంటాం, ఒక చేతిలో చెంబు పట్టుకుని వాడ ఆ కొసకు వినబడేలా అరిచింది.

"ఓ మరిదీ! మందు పెడుతున్న, రా! అమ్మలార, మీరు సుత రాండ్రి. నేను ఎంత పెడుతున్ననో సూసిపోండ్రి!"

వాడ ఆగిపోయింది. ఒకామె "మాకద్దు తల్లీ, మమ్ముల పిలువకు!" అని కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీకు పెడ్త అన్ననా? నీకు పెట్టాలంటే ఒక్క ఆకు సరిపోతదా, బస్తా కావాలె!"

ఆమె లావు మనిషి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఇంకొకరు. నేను లోపలి నుంచి చూస్తున్నాను. వదిన నా వైపు తిరిగింది, గొంతు తగ్గించలేదు.

"ఆకు నీ చేతికే ఇస్త. నువ్వే చింపు, నువ్వే ఏసుకో. నేను ముట్ట. అయినా మందు పెడితే లొంగే మొగోడివా నువ్వు?"

ఆ మాటకు వేసుకున్నాను. డాక్టర్ మీద నమ్మకంతో కాదు, వదిన మీద నమ్మకంతో కూడా కాదు. వాడ ముందు ఆ మాట పడలేక ఆకు లాక్కుని, చింపి, గోలీ మింగాను. నా స్వభావం ఆమెకు బాగా తెలుసు.

ఆ రోజు నుంచి అదే పని. పొద్దుగూకే వేళ గడప మీద కూర్చుని, "మందు పెడుతున్న, రా!" అని అరుపు. మొదట జనం ఆగి చూసేవాళ్లు, తర్వాత నవ్వి పోయేవాళ్లు, ఆ తర్వాత పట్టించుకోవడం మానేశారు. ఒక్కోరోజు ఆమె అరవడం ఆలస్యమైతే, "ఏందొదినే, ఇయ్యాల మరిదికి మందు పెట్టలే?" అని వాళ్లే అడిగేవాళ్లు. ఆ మాటలో విషం పోయింది. కార్ఖానాలో జరిగి కూర్చున్నవాళ్లు మెల్లగా మళ్లీ దగ్గరకు జరిగారు. నీళ్ల కుండ గురించి ఎవరూ మాట్లాడలేదు, ముంచుకుని తాగారంతే.

గోలీలు వేసుకుంటే చొంగ, వణుకు మళ్లీ వచ్చాయి. ఈసారి వదిన ఊరుకోలేదు.

"నన్నెందుకు తిడుతవ్? తిట్టేదుంటే డాక్టర్‌ను తిట్టు. గోలీ బంద్ చేసుడు నీ ఇష్టం గాదు, గోలీ ఏం చేస్తున్నదో చెప్పుడు నీ ఇష్టం."

మళ్లీ జగిత్యాల బస్సెక్కాం. ఆ మందుకు ఇంకో గుణం ఉండేది. కాళ్లు ఊరుకోవు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది, ఒంటి లోపల ఎవరో సాంచా నడుపుతున్నట్టు ఉంటుంది. వేములవాడ దాటేసరికి నేను బస్సులో ముందుకూ వెనక్కూ తిరగడం మొదలుపెట్టాను. కండక్టర్ కసిరాడు.

"ఓ తమ్మీ, కూసో! బస్సుల తిరుగుడేంది?"

వదిన లేచింది. "ఆయినకు టికెటు తీసుకున్ననా లేదా?"

"తీసుకున్నవ్."

"సీటు మీద కూసుంటడా, సీటు పక్క నిలవడ్తడా, నీకేంది? నడిస్తే నీ బస్సు అరుగుతదా?"

"పడితే నాది జిమ్మేదారి గాదు."

"పడితే నేను లేపుకుంట. నువ్వు పోయి టికెట్లు కొట్టు."

డాక్టర్ గదిలో ఇంకా పరువు తీసింది. ఆయన "ఎట్లున్నవ్?" అని అడిగాడు. ఎవరడిగినా నేను ఒకటే చెబుతాను. "మంచిగున్న" అన్నాను.

"మంచిగ లేడు సారూ" అన్నది వదిన. "పొద్దుగాల ఆయిన దిండు పిండితే చెంబెడు నీళ్లెల్తయి. కూసోమంటే కూసోడు, నిలవడమంటే నిలవడడు. పొద్దంత కునుకు. దొడ్డికి ఎప్పుడు పోయిండో అడుగుండ్రి, సిగ్గుకు చెప్తలేడు."

నేను లేచి బయటికి పోబోయాను. డాక్టర్ నవ్వలేదు. ఇవన్నీ మందు వల్ల వచ్చేవేనని, చెబితేనే సర్దగలనని అన్నాడు. ఒక గోలీ తగ్గించాడు, వణుకుకు ఇంకో చిన్న గోలీ రాశాడు, పొద్దుటిది రాత్రికి మార్చాడు. తోచినట్టు బంద్ చేయవద్దని, చేయాలనిపిస్తే ముందు తన దగ్గరికి రమ్మని చెప్పాడు.

బయటికి వచ్చాక నేను మండిపడ్డాను. "సిగ్గు లేదా నీకు? గాయిన ముందర నా దొడ్డి ముచ్చట చెప్తవా?"

"సిగ్గు నాకెందుకు? దొడ్డి రానిది నీకు."

కోపంలోనే నవ్వు వచ్చింది. చెక్కలాంటి ముఖం మీదికి నవ్వు రావడానికి చాలా కష్టపడింది, అయినా వచ్చింది. ఆమె చూసింది. తిరుగు దారిలో చుట్టు తిరిగి కోరుట్లలో దిగి, వాళ్ల తమ్ముడి ఇంట్లో అన్నం తిన్నాం.

ఒక్కసారితో అంతా సర్దుకోలేదు. ఒకటి తగ్గితే ఇంకొకటి వచ్చేది. వణుకు గోలీతో నోరు ఎండిపోయేది, వదిన సోంపు గింజలు రుమాలు కొసకు కట్టి ఇచ్చేది. చొంగకు భుజం మీద తువ్వాల వేసింది. "నేతోని భుజం మీద తువ్వాల ఉంటే ఎవలడుగుతరు? లేకుంటే అడుగుతరు" అన్నది. చేతులు కుదిరేదాకా నన్ను కండెలు చుట్టమన్నది. మా దగ్గర అది ఆడవాళ్ల పని. నేను చేయనన్నాను. "ఆడోల్ల పని రానోనివి, మొగోల్ల పని ఏం జేస్తవ్? ముందు గిది నేర్వు" అన్నది. మందు బాగా కుదిరాక మళ్లీ సాంచాల మీదికి పోయాను, చాలా కాలం నేశాను. ఇప్పుడు ముసలితనంలో మళ్లీ కండెల దగ్గరికే వచ్చాను. ఈసారి ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

మధ్యలో మందు మార్చారు. వణుకు చాలా తగ్గింది, ఆకలి పెరిగింది. అది మామూలు ఆకలి కాదు, తిన్న చేయి కడగకముందే మళ్లీ ఆకలి. లావయ్యాను. వదిన నా కంచంలో అన్నం తగ్గించి కూర పెంచింది. నేను గిన్నె వైపు చూస్తే, "అన్నమైపోయింది. ఇగ గిన్నెను సుత తింటవా?" అనేది. భోజనం కాగానే ఇంట్లో ఉండనిచ్చేది కాదు, నడిచి రమ్మని తరిమేది. డాక్టర్ షుగర్ పరీక్ష రాస్తే నాకంటే ముందు ఆమె చేయించుకుంది, సూది నొప్పి ఎంతో చూసి చెప్పడానికి. "చీమ కుట్టినట్టున్నది, దొంగేడుపు ఏడువకు" అన్నది.

ఆమె మంచిదే గానీ మెత్తనిది కాదు. నోరు పెద్దది. పగ పెట్టుకుంటే వదలదు. మా అమ్మకు చివరిదాకా తన చేత్తో అన్నం పెట్టింది, మంచం పట్టాక కడిగింది, తుడిచింది. కానీ కంచం పెట్టిన ప్రతిసారీ, "తిను అత్తా, మందు కలుపలే" అనేది. ఆ మాట మానలేదు. ఒకరోజు మా అమ్మకు విసుగొచ్చి, "కలిపినా తింట తియ్, ఆకలైతున్నది" అన్నది. ఇద్దరూ నవ్వారు. నేను చూశాను. అదే వాళ్ల రాజీ.

ఏళ్ల తరబడి మందులు వాడితే ఇంకొకటి మిగిలిపోతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నోట్లో ఏమీ లేకపోయినా ఏదో నములుతున్నట్టు దవడ కదులుతుంది. డాక్టర్ కొంత తగ్గించగలిగాడు, పూర్తిగా పోలేదు. బస్సులో పిల్లలు చూస్తారు. అన్న పోయాక వదిన జగిత్యాలలో బిడ్డ దగ్గర ఉండేది. డాక్టర్‌కు చూపించుకున్న రోజు అక్కడికే పోయి అన్నం తినేవాణ్ని. "ఏం నములుతున్నవ్ ఒక్కనివే? నాకింత పెట్టవా?" అనేది. ఆకు వక్క నోట్లో వేసుకుని నా ఎదురుగా కూర్చునేది. ఇద్దరం నమిలేవాళ్లం. చూసేవాళ్లకు ముసలివాళ్లిద్దరు పాన్ తింటున్నట్టే ఉండేది.

అక్కడికి పోయాక కూడా పొద్దుగూకితే ఫోన్ చేసేది. క్షేమ సమాచారాలు లేవు.

"ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

పెట్టేసేది.

నేను ఒకరి దయ మీద బతికే మనిషిని కాదు. కానీ ఇన్నేళ్లు నా రెక్కల మీద బతికానంటే అది ఆమె నోటి పుణ్యం. అందరూ దాచే జబ్బును ఆమె గడప మీద పెట్టి అరిచింది. దాచేదేం లేదని తేలాక నాకు తల ఎత్తుకోవడం సులువైంది.

మా దగ్గర మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తారు. జగిత్యాల బయట ఒక చెలకలో, అంటే మెట్టచేనులో, మక్కజొన్న గారెలు, యాట మాంసం కూర, ఒక దొప్పలో కల్లు పెట్టాం. కాకులు కరెంటు తీగల మీద వరుసగా కూర్చున్నాయి, దిగలేదు. ఎండ ఎక్కింది. ఆమెకేదో రంది, తీరని దిగులు, మిగిలిందని అందరూ అన్నారు. అంటూ అంటూ నా వైపు చూశారు.

"మరిది మీదనే ఆమె పానం" అన్నది కోరుట్ల నుంచి వచ్చిన ఒక ముసలామె. "అన్నా, దగ్గరికి పోయి ఒక్క మాట చెప్పు. గోలీలు బంద్ చెయ్యనని చెప్పు, ముడుతది."

వదిన బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. "చెప్పు చిన్నాయినా, ఒక్కసారి."

"కాకికి నేను మాట ఇయ్య" అన్నాను. "ఆమెకు రోజు చెప్పిన. సాలదా?"

నా మధ్యాహ్నం గోలీ వేళయింది. జేబులోంచి ఆకు తీసి, చింపి, వాళ్లందరి ముందే వేసుకున్నాను. చెయ్యి వణికి నీళ్లు సగం అంగీ మీద పడ్డాయి. జనం తలెత్తి తీగల వైపు చూశారు. ఒక్క కాకి కదలలేదు. ఎవరో నిట్టూర్చారు.

అప్పుడు ఒక నడివయసు మనిషి నన్ను పక్కకు రమ్మన్నాడు. కోరుట్ల వాడు, వదినకు దూరపు చుట్టం.

"కాకా, నీ చెయ్యి గట్ల వణుకుడు గోలీల తోటేనా?"

"అవు."

"మా బిడ్డకు సుత గోలీలు ఇచ్చిన్రు. మాటలినవడుడు తగ్గింది గని మనిషి కట్టె లెక్క అయింది. అత్తగారోల్లు మందు పెట్టిన్రని మా ఇంట్లనోల్లు అంటున్నరు. నిన్ననే గోలీలు ఆపినం. ఎల్లుండి కక్కిపియ్య తోల్కపోదమని..."

"ఆగు" అన్నాను. "చొంగ కారుతదా?"

"కారుతది."

"కాల్లు ఊకుంటలెవ్వా?"

"ఊకుంటలెవ్వు. ఇంట్లనే తిరుగుతది."

"దొడ్డికి?"

అతను అటూ ఇటూ చూశాడు.

"ఎవలింటె ఏంది? చెప్పు."

చెప్పాడు. అన్నీ చెప్పాడు. ఎవరికైనా మొదటిసారి చెబుతున్నట్టుంది.

"గివన్ని గోలీలిచ్చిన డాక్టర్ ముందర గిట్లనే చెప్పుండ్రి. రేపే పోండ్రి. ఎల్లుండి దాక ఆగకుండ్రి. కక్కిపిస్తే లోపలున్న జబ్బు రాదు, బిడ్డ పేగులొస్తయి."

"డాక్టర్ ముందర ఆడివిల్ల ముచ్చట్లు గివన్ని నేనెట్ల చెప్పాలె కాకా?"

"నేనస్త. నేను చెప్త. పొద్దుగాల కోరుట్ల బస్టాండ్ల ఉండు."

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. బిడ్డకు పడుకునే ముందు నోరు ఎలా తుడవాలో, కాళ్లు ఆగనప్పుడు ఎటు తిప్పాలో చెబుతూ ఉన్నాను. వెనకాల ఒక్కసారిగా కేకలు లేచాయి.

"ముట్టింది! ముట్టింది!"

తిరిగి చూశాం. ఒక కాకి విస్తరి మీద ఉంది. కల్లు దొప్పను తన్నేసింది, కూరను వదిలేసింది, మక్క గారెను పట్టుకుంది. గారె దాని నోటికి పెద్దది. జారి కింద పడింది. మళ్లీ పట్టుకుంది. ఇంకో కాకి మీదికొస్తే అరవబోయి నోరు తెరవలేదు, గారె వదల్లేదు. అలాగే ఎత్తుకుని, తీగలకు కింది నుంచి, చెలకలన్నీ దాటి, జగిత్యాల ఖిల్లా వైపు ఎగిరిపోయింది.